నూటికి ఐదు పక్కన చుక్క

ఆ ప్రెస్సులో అచ్చయ్యేవి పుస్తకాలూ కావు, శుభలేఖలూ కావు. మందుల డబ్బా తెరిస్తే మాత్రల అట్ట కింద ఎనిమిది మడతలుగా ఒదిగి ఒక పలచని కాగితం ఉంటుంది చూశారూ, అది. దాన్ని విప్పి చదివేవాళ్ళు ఎక్కడోగానీ ఉండరు. విప్పాక మళ్ళీ ఆ మడతల్లోనే పెట్టగలిగినవాళ్ళు ఇంకా తక్కువ. ఆ కాగితం మిషనెక్కే ముందు ప్రతి అక్షరం, ప్రతి కామా, ప్రతి సున్నా చదివి, ఎర్ర పెన్నుతో తప్పులు దిద్దడం అక్కడ పనిచేసే ఒకావిడ ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా అదే కుర్చీ, మెడ వంచిన అదే టేబుల్ లైటు. "రోజుకు 1" అని ఉండాల్సిన చోట "రోజుకు 11" అని పడితే ఏమవుతుందో ఆవిడకి తెలుసు కాబట్టి, చదివేటప్పుడు పక్కన పిడుగు పడినా తలెత్తదు.

చుక్క గుర్తు అంటే ఆవిడకి ప్రాణం. ఏ మాట పక్కన చిన్న చుక్క కనిపించినా, దాని జోడు చుక్క కాగితం అడుగున ఎక్కడుందో, అక్కడ ఏం రాసుందో తేలేదాకా వదలదు. "ఈ చుక్క ఎక్కడికి పోయింది?" అని రోజుకి నాలుగుసార్లన్నా డిజైన్ గదిలోకి కేకేస్తుంది. ఒకరోజు మిషన్ నడిపే పెద్దాయన విసుగులో "అదిగో, చుక్కలక్క మొదలెట్టింది" అన్నాడు. అంతే, ప్రెస్సంతా అదే పేరు. యజమాని కూడా జీతం కవరు మీద ఒకసారి ఆ పేరే రాసి, నాలుక్కరుచుకుని కొట్టేశాడు.

క్రెడిట్ కార్డుల సంగతి ఆవిడ జీవితంలోకి చక్రాల పెట్టె రూపంలో వచ్చింది. భర్త లిఫ్టులు బాగుచేస్తాడు. ఒక పెద్ద దుకాణంలో లిఫ్టు బాగుచేసి కిందకి దిగుతుంటే, గుమ్మం దగ్గర గొడుగు కింద కార్డులమ్మే అమ్మాయి ఆయన్ని పట్టుకుంది. పావుగంటలో సంతకాలు అయిపోయాయి. సాయంత్రం ఆయన నీలం రంగు పెట్టెని గరగరా దొర్లించుకుంటూ ఇంట్లోకి వచ్చాడు.

"ఉచితం!" అన్నాడు, గుమ్మంలోంచే. "కార్డు తీసుకుంటే పెట్టె ఊరికే ఇచ్చారు. పైగా కార్డుతో ఏం కొన్నా నూటికి ఐదు వెనక్కొస్తుందట."

అత్తగారు పెట్టె జిప్పులు లాగి చూస్తోంది. చుక్కలక్క పెట్టెని చూడలేదు. దాని జేబులోంచి తొంగిచూస్తున్న కాగితం తీసింది. "నూటికి ఐదు" అన్న అంకె అరచెయ్యంత ఉంది. దాని పక్కన ఆవగింజంత చుక్క.

"ఏమండీ, ఈ చుక్క చదివారా?"

"ఏ చుక్క?"

అప్పటికే ఆవిడ ఎర్ర పెన్ను మూత తీసేసింది. అరగంట తర్వాత ఆ కాగితం మీద ఎర్ర సున్నాలు తొమ్మిది. నూటికి ఐదు నిజమే, కానీ ఆ ఒక్క దుకాణంలో కొంటేనే. బయట కొంటే పైసా కూడా రాదు. ఏడాదికి ఫీజు ఏడొందల నలభై తొమ్మిది. వాళ్ళు ఆ దుకాణంలో నెలకి మహా అయితే వెయ్యి ఖర్చు పెడతారు. అంటే నెలకి యాభై, ఏడాదికి ఆరొందలు వెనక్కొస్తాయి.

"ఆరొందలొస్తాయి, ఏడొందల నలభై తొమ్మిది పోతాయి," అంది ఆవిడ. "మనకి పెట్టె ఊరికే రాలేదండీ. ఏడాదికి నూట నలభై తొమ్మిది చొప్పున అద్దెకి తెచ్చుకున్నాం."

అత్తగారు జిప్పు మీంచి చెయ్యి తీసేసింది. భర్త మొహం ఇంత చేసుకుని మంచినీళ్ళు తాగాడు. రెండో రోజే వెళ్ళి కార్డూ పెట్టే తిరిగిచ్చి వచ్చాడు. "మీ ఇంట్లో వకీలెవరన్నా ఉన్నారా సార్?" అని ఆ గొడుగు అమ్మాయి అడిగిందని, వచ్చి చెబుతూ తనే నవ్వాడు.

ఇంకొకరైతే అక్కడితో కార్డుల జోలికి పోకుండా ఊరుకునేవారు. ఆవిడ తత్వం వేరు. తప్పుడు కాగితం చేతికొచ్చిందంటే మంచి కాగితం కూడా ఎక్కడో ఉండే ఉంటుందని ఆవిడ నమ్మకం. అందరూ కార్డులు ఎలా ఎంచుకుంటారో ఆవిడ గమనించింది. ముందు పెద్ద అంకె చూస్తారు, తర్వాత కార్డు తెచ్చుకుంటారు, ఆ తర్వాత ఆ అంకె కోసం ఖర్చు పెడతారు. ఆవిడ వెనక నుంచి మొదలుపెట్టింది. మూడు నెలలపాటు ఇంట్లో ఏ పైసా ఎటు పోతోందో, పాడైన ప్రూఫు కాగితాల వెనకవైపు రాసింది. నెలకి కిరాణా ఆరువేలు. అత్తగారి బీపీ, షుగరు, మోకాళ్ళు కలిపి మందులకి మూడువేల రెండొందలు. కరెంటు పద్దెనిమిదొందలు. అత్తగారు రహస్యంగా తెప్పించుకునే బిస్కట్లు కూడా ఆ కాగితంలోకి ఎక్కేసరికి ఇంట్లో చిన్న గొడవ జరిగింది. "నా బిస్కట్ల మీద కూడా నిఘా పెట్టావటమ్మా!" అని అత్తగారు రెండు పూటలు మూతి ముడుచుకుంది.

తర్వాత పదకొండు కార్డుల కాగితాలు తెచ్చింది. కొన్ని బ్యాంకులకి వెళ్ళి అడిగితే, "అన్నీ యాప్‌లో ఉంటాయండీ" అన్నారు. "ఉంటాయి నాయనా, నాకు కాగితం మీద కావాలి" అని కౌంటరు ముందు కదలకుండా నిలబడింది. ప్రింటు తీసిచ్చారు. పదకొండింట్లో ఆవిడ ఇంటికి సరిపోయేవి రెండే తేలాయి. ఒకటి కిరాణాకి, మందులకి, కరెంటుకి నూటికి ఐదిచ్చేది. ఒక్కొక్కదాని మీద నెలకి రెండొందల యాభై దాటి ఇవ్వదు. ఏడాదికి ఫీజు ఐదొందలు. రెండోది ఫీజు లేనిది, ఏం కొన్నా నూటికి ఒకటిన్నర ఇచ్చేది. మొదటి కార్డు మీద ఆకుపచ్చ బొట్టుబిళ్ళంత స్టిక్కరు, రెండోదాని మీద పసుప్పచ్చది అంటించింది. కిరాణా ఐదువేలు అయ్యేదాకా ఆకుపచ్చ, ఆ పైన పసుప్పచ్చ. అంతకన్నా ఇంట్లో ఎవరూ ఏమీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఏడాది తిరిగేసరికి ఫీజు పోను ఐదున్నర వేల పైచిలుకు వెనక్కొచ్చింది.

ఆ లెక్క చెప్పిన రోజు అత్తగారు అడిగిన ప్రశ్న మాత్రం ఆవిడని చాలాకాలం వదల్లేదు.

"మన డబ్బు మనం ఖర్చు పెట్టుకుంటే, మనకి మళ్ళీ డబ్బిస్తున్నాడా? వాడికేం పిచ్చా? ఎక్కడి నుంచి తెచ్చిస్తున్నాడే?"

"కొంత కొట్టువాళ్ళ దగ్గర తీసుకుంటాడు అత్తయ్యా. కార్డు గీకిన ప్రతిసారీ కొట్టువాళ్ళు బ్యాంకుకి కొంచెం కడతారు."

"మిగతాది?"

"బిల్లు మొత్తం కట్టలేని వాళ్ళు కట్టే వడ్డీలోంచి."

"అంటే ఎవరో మునుగుతుంటే మనకి తేలుతోందన్నమాట," అంది అత్తగారు, పప్పులో రాళ్ళు ఏరుకుంటూ. నెపం వేసినట్టు అనలేదు, ఊరికే ఉన్నమాట అన్నట్టు అంది. కానీ చుక్కలక్క ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టుకుంది. కార్డు గురించి ఎవరొచ్చి అడిగినా, "పోయిన నెల బిల్లు మొత్తం కట్టావా?" అని ముందు అడగాలి. కట్టకపోతే కార్డు సంగతి ఎత్తకూడదు.

అడగడానికి జనం రానే వచ్చారు. మిషన్ పెద్దాయనకి పెట్రోలు ఖర్చు ఎక్కువని పెట్రోలు కార్డు చూసిపెట్టింది. యజమాని తన నల్లటి మెరుపు కార్డు గర్వంగా తెచ్చి చూపిస్తే, కాగితం చదివి, "ఇది తీసుకున్నందుకు మీరు బ్యాంకుకి జీతం ఇస్తున్నారు సార్" అంది. యజమాని కార్డు జేబులో పెట్టుకున్నాడు. నెల తర్వాత అది ఆయన దగ్గర లేదు.

అలా వచ్చినవాళ్ళలో మడతల రాణి ఒకతె. మడత మిషన్‌లో పెడితే చిరిగిపోయేంత పలచని కాగితాలుంటాయి. వాటిని చేత్తో మడిచే బల్ల ఆమెది. కన్ను మూసి తెరిచేలోగా ఎనిమిది మడతలు పడతాయి, అంచుకి అంచు వెంట్రుకవాసి తేడా రాదు. అందుకే ఆ పేరు. చెల్లెలితో కలిసి అద్దె గదిలో ఉంటుంది. మాటకారి, నవ్వుమొహం.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాల బెంచీ మీద, పదిమందీ ఉండగా, "అక్కా, అన్నిటికన్నా ఎక్కువ వెనక్కొచ్చే కార్డేదో నాకూ చెప్పవూ? ఇప్పుడున్నది నూటికి రెండే ఇస్తోంది" అంది.

"పోయిన నెల బిల్లు మొత్తం కట్టావా?"

"కట్టానక్కా, అడిగినంతా కట్టాను."

"ఏదీ, చూపించు."

రాణి ఫోను తెరిచి ఇచ్చింది. ఆవిడ రెండు వేళ్ళతో పెద్దది చేసి చదివింది. రాణి కట్టింది బ్యాంకు అడిగిన కనీసపు మొత్తం మాత్రమే. కింద బాకీ ముప్ఫై ఎనిమిది వేలు. బట్టలుతికే మిషన్, చెల్లెలికి ఫోను, ఒక పరుపు, అన్నీ వెనక్కి డబ్బొస్తుందన్న ఆశతో కొన్నవే. వడ్డీ నెలకి నూటికి మూడున్నర.

ఆవిడ చేతిలో ఎర్ర పెన్నుంది. ఎదురుగా పాత ప్రూఫు కాగితముంది. అలవాటుకొద్దీ రెండంకెలు రాసి, రెండింటి చుట్టూ సున్నాలు చుట్టింది. "ఇదిగో, పోయిన నెల నీకు వెనక్కొచ్చింది నూట నలభై. వడ్డీ కింద పోయింది పదమూడొందల ముప్ఫై. నీకు కావలసింది కార్డు కాదమ్మా, కత్తెర!"

బెంచీ అంతా గొల్లుమంది. రాణి కూడా నవ్వబోయింది గానీ సగంలోనే నవ్వు పోయింది. ఫోను లాక్కుని, డబ్బా మూతపెట్టి, సగం అన్నం అలాగే ఉంచి లేచిపోయింది.

పన్నెండు రోజులు మాటల్లేవు. మడిచిన నమూనాలు ఆవిడ బల్ల మీద పెట్టి, గోడని చూస్తూ వెళ్ళిపోయేది రాణి. ఆవిడకి మొదట్లో కోపమొచ్చింది. నేనేమన్నా అబద్ధం చెప్పానా? లెక్క తప్పు చెప్పానా? ఇంట్లో అదేమాట అంటే, భర్త టెస్టరు తుడుచుకుంటూ, "లెక్క తప్పు కాదు. చెప్పిన చోటు తప్పు. నా కార్డు కాగితం మీద సున్నాలు చుట్టినప్పుడు మనం ముగ్గురమే ఉన్నాం. ఆ రోజు పదిమంది ఉండుంటే నేనూ నీతో మాట్లాడేవాణ్ణి కాదు" అన్నాడు.

మర్నాడు ఆవిడ తన బల్ల వదిలి, రాణి బల్ల దగ్గరికి ఒక స్టూలు లాక్కుని కూర్చుంది. ఒక కాగితం తీసి మడవడం మొదలుపెట్టింది. మొదటిది వంకర. రెండోది ఇంకా వంకర. నాలుగోది చిరిగింది. రాణి ఓరకంటితో చూస్తోంది. ఏడోదాని దగ్గర ఇక ఉండబట్టలేకపోయింది.

"ఆ మూలకి ఈ మూల తగలాలక్కా. ముందు గోరుతో గీత లాగాలి."

"నువ్వు మడిచేవన్నీ నేను చదివినవే. ఇరవై రెండేళ్ళలో ఒక్కటి మడవడం రాలేదు నాకు," అంది ఆవిడ. ఎనిమిదో కాగితం తీసుకుంటూ, "ఆ రోజు అందరిలో అలా అనకూడదు. తప్పు నాదే" అంది.

రాణి గోరుతో గీత లాగుతూనే ఉంది. "నువ్వన్నది నిజమే కదక్కా. అందుకే అంత మండింది."

"నిజమైతే మాత్రం? మందు కాగితంలో కూడా ఎంత ఇవ్వాలో ఒక్కటే రాయరు. ఎలా ఇవ్వాలో కూడా రాస్తారు."

ఆ వారంలోనే ఇద్దరూ కలిసి బ్యాంకుకి ఫోను చేశారు. బాకీని వాయిదాలుగా మార్చవచ్చని కాగితంలో ఒక మూల ఉందని ఆవిడకి తెలుసు. ఫోనులో అబ్బాయి మొదట అలాంటిదేమీ లేదన్నాడు. ఎన్నో పేజీలో ఎన్నో గీతలో ఉందో ఆవిడ చెప్పాక, "ఒక్క నిమిషం లైన్లో ఉండండి" అన్నాడు. వడ్డీ నెలకి నూటికి ఒకటింపావుకి దిగింది. పన్నెండు వాయిదాలు, ఒక్కొక్కటీ మూడువేల నాలుగొందల పైన. రాణి కార్డుని ఎవరూ చెప్పకుండానే కత్తిరించింది, అదీ తన మడతల కత్తెరతోనే, నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి. ఏడాదిపాటు అదనపు గంటలు చేసింది. టీ మానేసింది. చెల్లెలు సాయంత్రాలు ఒక కొట్లో బిల్లింగ్‌కి కుదిరింది. ఒక్క వాయిదా కూడా ఆలస్యం కాలేదు. దాన్ని గురించి చుక్కలక్క తర్వాత ఎప్పుడు చెప్పినా, "ఫోను చెయ్యడం నా పని, కట్టడం దాని పని. రెండింట్లో ఏది కష్టమో మీరే చెప్పండి" అనేది.

ఆఖరి వాయిదా కట్టిన నెలలో రాణి స్వయంగా వచ్చి అడిగింది. "ఇప్పుడు చెప్పక్కా, ఏ కార్డు తీసుకోను?"

"నాదే తీసుకో. ఆకుపచ్చది. అంతకన్నా మంచిది లేదు."

రాణి వెంటనే తలూపలేదు. జేబులోంచి ఒక కాగితం తీసింది. మూడు నెలల ఖర్చు. ఆవిడ పద్ధతిలోనే, ప్రూఫు కాగితం వెనకే రాసుకుంది. "నాకు మందుల ఖర్చెక్కడిదక్కా? మా ఇద్దరికీ బస్సు ఖర్చే రెండువేల రెండొందలు. కిరాణా నాలుగువేలు, ఫోనూ కరెంటూ పదహారొందలు. నేనొకటి చూశాను. ఈ మూడిటికీ నూటికి నాలుగిస్తుంది, ఒక్కొక్కదానికి నెలకి నూట యాభై దాకా. ఫీజు లేదు."

ఆవిడ కాగితం అందుకుని కిందనుంచి పైకి, పైనుంచి కిందకి చదివింది. ఎర్ర పెన్ను మూత తియ్యలేదు. ఎవరి ఖర్చుకి తగ్గ కార్డు వాళ్ళదని ఊరందరికీ చెప్పిన మనిషి, తన ఖర్చు లెక్కతో రాణికి కార్డు అంటగట్టబోయింది. "నువ్వు చెప్పిందే సరైంది," అంది. రాణి మొహం వెలిగిపోయింది.

మొదటి నెల రాణి లెక్క ప్రకారం మూడొందల రెండు రావాలి. కిరాణాకి నూట యాభై, బస్సుకి ఎనభై ఎనిమిది, ఫోనుకీ కరెంటుకీ అరవై నాలుగు. వచ్చింది నూట యాభై. రెండో నెలా నూట యాభై. మూడో నెలా అంతే. రాణి తనదే తప్పనుకుని ఎవరికీ చెప్పలేదు. మూడో నెల బిల్లు పట్టుకుని చుక్కలక్క బల్ల దగ్గరికి వచ్చి, ఈసారి గొంతు తగ్గించి, "నేనేదో తప్పు చదివానక్కా" అంది.

ఆవిడ ఆ కార్డు నియమాల కాగితం తీసి చదివింది. "ఒక్కొక్క రకం ఖర్చుకు నెలకు నూట యాభై వరకు" అని స్పష్టంగా ఉంది. బ్యాంకేమో మూడూ కలిపి నూట యాభై దగ్గర ఆపేస్తోంది.

"నువ్వు తప్పు చదవలేదు. వాళ్ళు చదవలేదు. శనివారం మనకి సగం రోజే కదా, బ్యాంకుకి పద."

బ్యాంకులో వాళ్ళకి ఒక కుర్ర అధికారి దొరికాడు. మర్యాదస్తుడు. కుర్చీలేయించి, మంచినీళ్ళిప్పించి, తెర మీద చూసి, "మేడమ్, సిస్టమ్ నూట యాభై చూపిస్తోంది. సిస్టమ్ తప్పు చెయ్యదండీ" అన్నాడు.

"సిస్టమ్‌కి చదవడం రాదు కదండీ," అంది చుక్కలక్క. "ఎవరో ఈ కాగితం చదివి దానికి చెప్పుంటారు. ఆయన 'ఒక్కొక్క' అనే మాట దగ్గర కన్నార్పాడు. అంతే జరిగింది."

అధికారి కాగితం చదివాడు. మళ్ళీ చదివాడు. "ఉంది మేడమ్. కానీ కాగితంలో అచ్చు తప్పు అయుండొచ్చు. ఇలాంటప్పుడు సిస్టమే లెక్కలోకి వస్తుంది."

అచ్చు తప్పులు ఉంటాయని చుక్కలక్కకన్నా ఎవరికి తెలుసు? ఆవిడ నోట మాట రాక, కాగితం వైపే చూస్తూ ఉండిపోయింది.

అప్పుడు రాణి చెయ్యి చాపింది. "ఒకసారి ఇటివ్వండి."

కాగితం బల్ల మీద పరిచి, మధ్య మడత దగ్గర రెండు బొటనవేళ్ళూ ఆనించి, ముడతని ఇటూ అటూ సాగదీసింది. మడత సరిగ్గా ఒక వాక్యం మీద పడింది. సిరా పగిలి, అక్షరాలు సగం సగం లోపలికి పోయాయి. చుక్కలక్క దాన్ని గీత అనుకుని రెండుసార్లు దాటేసింది. రాణి కాగితాన్ని వెలుతురుకి ఎత్తి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది.

"ఈ పత్రంలో ఉన్నదానికీ... బ్యాంకు వేసిన లెక్కకీ... తేడా వచ్చినచో... ఈ పత్రమే చెల్లును."

అధికారి కాగితం తీసుకుని తనూ వెలుతురుకి పట్టి చూశాడు.

"ఇది... ఇక్కడుందని నాకే తెలీదండీ," అన్నాడు నిజాయితీగా.

"మడత మీద అక్షరాలు వెయ్యకూడదు సార్. మా ప్రెస్సులో అయితే వాపసు పంపేస్తాం," అంది రాణి.

ఫిర్యాదు రాసుకున్నాడు. నంబరిచ్చాడు. మెట్లు దిగుతుంటే రాణి పొట్ట పట్టుకుని నవ్వింది. "పాపం, పట్టపగలే చుక్కలు చూపించావక్కా ఆయనకి!"

"నేనెక్కడ చూపించాను? నాకు నోరు పడిపోతే నువ్వే కదా చూపించింది," అంది ఆవిడ. అన్నాక మెట్టు మీద ఆగింది. "రెండుసార్లు చదివాను తెలుసా ఆ కాగితం. రెండుసార్లూ కనపడలేదు." ఇరవై రెండేళ్ళలో తన కన్ను తప్పిందని ఆవిడ ఇంకొకరితో అనడం అదే మొదటిసారి. అందులో బాధకన్నా ఆశ్చర్యం, ఆశ్చర్యంకన్నా సంతోషం ఎక్కువ వినిపించాయి రాణికి.

ఇరవై ఆరు రోజులకి ఉత్తరం వచ్చింది. లెక్క వేసే పద్ధతిలో పొరపాటు జరిగిందనీ, ఆ రకం కార్డు ఉన్న వాళ్ళందరికీ తగ్గిన మొత్తం జమ చేస్తున్నామనీ రాశారు. రాణికి మూడు నెలలకీ కలిపి నాలుగొందల యాభై ఆరు. ఆ ఉత్తరాన్ని రాణి భోజనాల బెంచీ మీద పెట్టింది. మిషన్ పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని పైకి చదివాడు. "వాళ్ళందరికీ" అన్నచోట ఆగి, "అందరికీ అంటే ఎంతమందే?" అని అడిగాడు. ఎవరికీ తెలీదు. వందలో, వేలో. వాళ్ళలో ఒక్కరికి కూడా తమ డబ్బు తగ్గిందని గానీ, ఇద్దరాడవాళ్ళు ఒక శనివారం మధ్యాహ్నం వెళ్ళి దాన్ని తెప్పించారని గానీ తెలీదు.

అత్తగారికి ఈ సంగతి చెబితే, "పోనీలే, ఈసారి ఎవరూ మునక్కుండా తేలిందన్నమాట" అంది. కోడలిని అంతకన్నా మెచ్చుకోవడం ఆవిడ ఎరగదు.

తర్వాత బ్యాంకు నుంచి చుక్కలక్కకి ఫోనొచ్చింది. ఆవిడ శ్రద్ధకి సంతోషించి, తమ అన్నిటికన్నా పై రకం కార్డు మొదటి ఏడాది ఫీజు లేకుండా ఇస్తామన్నారు. విమానాశ్రయాల్లో విశ్రాంతి గదులు, హోటళ్ళలో రాయితీలు అని గుక్క తిప్పుకోకుండా చెబుతున్నారు. ఆవిడ ఓపిగ్గా విని, "నేను రోజూ ఎక్కేది తొమ్మిదో నంబరు బస్సండీ. అందులో విశ్రాంతి గది పెట్టించినప్పుడు చెప్పండి" అంది. ఫోను పెట్టేశాక కాసేపు ఆలోచించి మళ్ళీ తనే చేసింది. "కార్డొద్దుగానీ, ఆ మడత మీది వాక్యం కాస్త పక్కకి జరపండి" అని చెప్పి పెట్టేసింది. కొత్త కాగితాల్లో ఆ వాక్యం నిజంగానే పక్కకి జరిగింది, అక్షరాలు కూడా కాస్త పెద్దవయ్యాయి.

డబ్బు పడిన వారంలో రాణి, చుక్కలక్క కలిసి ప్రెస్సు నుంచి బస్టాపుకి నడుస్తున్నారు. దారిలో చెప్పుల కొట్టు ముందు రాణి ఆగింది. రోజంతా బల్ల దగ్గర నిలబడే పని, మడమలు పగిలి ఉన్నాయి. మెత్తటి రబ్బరు అడుగున్న జత ఒకటి చాలా రోజులుగా చూస్తోంది. ఖరీదు నాలుగొందల ముప్ఫై. లోపలికి వెళ్ళి, ఒక కాలికి తొడుక్కుని, కార్డు చేత్తో పట్టుకుని, బయట నిలబడ్డ ఆవిడని అడిగింది.

"అక్కా, చెప్పులకి ఎంతొస్తుంది వెనక్కి?"

"పైసా రాదు. నీ కార్డులో చెప్పులు లేవు."

రాణి తొడుక్కున్న చెప్పు తియ్యబోయింది.

"కాళ్ళకి సుఖమొస్తుంది, రెండోది కూడా వేసుకో," అంది చుక్కలక్క. రాణి వేసుకుంది. పాతవి కొట్టువాడికే వదిలేసి, బస్సు కోసం ఇద్దరూ కలిసి కాస్త తొందరగానే నడిచారు.